వరసలో ఉంది

మా ఆఫీసులో అందరూ ఆమెను ఆగండమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఏ కాగితం తెచ్చి చూపినా, ఏ కబురు చెప్పినా ఆమె నోట మొదట వచ్చే మాట ‘ఆగండి’. ఫలానా మందు మూడు నెలల్లో షుగరును మాయం చేస్తుందట అంటే ఆగండి. టీ చల్లారిపోతోంది అన్నా ఆగండి. పెళ్ళి సంబంధాలు వచ్చిన రోజుల్లోనూ అదే మాట అందట. సంబంధాల వాళ్ళు ఎంతకాలమని ఆగుతారు? ఆ పేరు పెట్టింది నేనే. పెట్టింది నేనని ఆమెకు మొదటి నుంచీ తెలుసన్న సంగతి నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది.

మాది డాక్టర్ల కోసం వచ్చే మాసపత్రిక. అట్ట మీద ‘మధుమేహం’ అని గంభీరంగా అచ్చేస్తాం, లోపల మాత్రం అందరం షుగరు పత్రిక అనే అంటాం. నెలనెలా వచ్చే సంచికలను డాక్టర్లు చదువుతారో, బల్ల మీద గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెడతారో నాకు తెలియదు. ఏడాదికోసారి మేం వేసే చిన్న పుస్తకాన్ని మాత్రం తప్పకుండా చదువుతారు. ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు మాన్పించాలి అన్నీ అందులో ఉంటాయి. చొక్కా జేబులో పడుతుంది. అందులో మనం ఒక వాక్యం మారిస్తే ఎక్కడో ఎవరి ఇంట్లోనో మందుల డబ్బాలో ఒక మాత్ర మారుతుందయ్యా అని ఆమె కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేది. నాకూ చెప్పింది. నేను ఆవలించాను.

ప్రూఫులు దిద్దడానికి చేరినవాణ్ణి నేను. పరిశీలకుల వెంటపడే పని తర్వాత నా నెత్తిన పడింది. మాకు ఒక వ్యాసం వస్తే దాన్ని వెంటనే అచ్చెయ్యం. ఆ విద్య తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతాం, వాళ్ళు చదివి తప్పొప్పులు రాసి పంపాలి. వాళ్ళకి మేమిచ్చే జీతం లేదు, మేమంటే భయం లేదు, తీరిక అంతకంటే లేదు. వాళ్ళకి ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి, బతిమాలి, ఆ రెండు పేజీలూ రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకి వస్తుంది. అందుకే నా కోపం ముక్కు మీదే ఉంటుందంటారు. ఉంటుంది, కాదనను.

మా గది ప్రెస్సు పైన మూడో అంతస్తులో ఉంది. కింద మిషను తిరుగుతున్నంతసేపూ బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతుంటాయి. ఆగండమ్మ బల్ల కిటికీ పక్కన. దాని మీద మూడు ఇనప ట్రేలు, ఒక్కోదానికీ ఆమె చేత్తో రాసి అంటించిన చీటీ. ‘వాడొచ్చు’, ‘అక్కర్లేదు’, ‘ఆగాలి’. మొదటి ట్రేలో ఎప్పుడూ నాలుగైదు కాగితాలకు మించి ఉండవు. మూడోది నిండి పొంగిపోతుంటే పక్కన ఒక కుర్చీ వేసి దాని మీద కూడా పేర్చారు. ఆ కుర్చీలో ఒక్కసారి తప్ప ఎప్పుడూ మనిషన్నవాడు కూర్చోలేదు.

ఆమె డాక్టరు కాదు. రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివి, ఇరవై రెండేళ్ళ వయసులో టైపు కొట్టడానికి ఇక్కడ చేరింది. సంపాదకులు నలుగురు మారారు, ఆమె మారలేదు. ఇప్పుడున్న పెద్దాయన పేరున్న డాక్టరు. మంగళవారం, శుక్రవారం వస్తారు, ఆమె వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్ళిపోతారు. పత్రిక నడిపేది ఎవరో ఆ వేలికి తెలుసు.

ఆమె చేరిన రోజుల్లో షుగరు మీద ఎక్కడేం కనిపెట్టినా కవర్లలో పోస్టులో వచ్చేదట. నెలకి ముప్పై. పదిహేనో తారీకుకల్లా చదవడం అయిపోయి, మిగతా రోజులు స్వెట్టరు అల్లుకునేదాన్ని అని చెప్పేది. ఇప్పుడు పొద్దున కంప్యూటరు తెరిస్తే మూడొందలుంటాయి, ఒక్క షుగరు మీదే. చిన్న పుస్తకంలోకి ఏవి పనికొస్తాయో చూడ్డానికి ఆమె, ఇద్దరు అమ్మాయిలు పంచుకుని చదువుతారు. మొత్తం కాదు, పైన ఉండే సారాంశం మాత్రమే. అంతవరకే చదివినా మధ్యాహ్నం రెండవుతుంది. అప్పటికి ఇంకో అరవై వచ్చి కూర్చుంటాయి. వెళ్ళిపోతున్న బస్సును నడిచి అందుకోవాలని చూసే మనిషిలా ఉంటుంది మా బతుకు. నిన్నటి వ్యాసం ఔనన్నదాన్ని ఇవాళ్టి వ్యాసం కాదంటుంది. ఎల్లుండి ఇంకోటి వచ్చి ఇద్దరిదీ తప్పంటుంది.

ఆ ‘ఆగండి’ ఆమెకు ఊరికే అలవాటు కాలేదు. నేను రాకముందు, ఏదో చెట్టు బెరడు పొడి షుగరుని అదుపులో పెడుతుందని ఒక వ్యాసం వచ్చింది. పోటీ పత్రిక ముందు వేసేస్తుందేమోనని అప్పటి సంపాదకుడు తొందరపడి అచ్చేశాడు. పదకొండు నెలలకు అదంతా తప్పని తేలింది. వెనక్కి తీసుకుంటున్నామని చివరి పేజీలో చిన్న ప్రకటన వేశారు. ఆరేళ్ళ తర్వాత కూడా, ఆ పొడి పూటకి ఎన్ని చెంచాలు ఇవ్వాలని అడుగుతూ డాక్టర్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ ఉత్తరాలన్నీ ఆమె సొరుగులో దాచింది. కొత్తవాళ్ళకి ఆ కట్ట విప్పి చూపించి, అచ్చయ్యాక మాట మన చేతిలో ఉండదు అనేది. అచ్చు కాని వ్యాసంలోని మాట ఈ గది దాటకూడదని ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించింది కూడా ఆమే. ఏ వ్యాసమూ వరస తప్పి ముందుకు జరగకూడదన్న రూలూ ఆమెదే. మందుల కంపెనీల వాళ్ళూ, పలుకుబడి ఉన్న డాక్టర్లూ మాది ముందు చూడండి, మాది ముందు చూడండి అని చెవిలో జోరీగల్లా తిరుగుతుంటే ఆ రూలు పెట్టింది. పెద్దాయన సొంత వ్యాసం ఒకటి ఏడు నెలలు వరసలో కూర్చుంది.

ఇక ఆమె తమ్ముడు. ఊళ్ళో తిరిగే బస్సు నడిపేవాడు. వాళ్ళమ్మ పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు, ఈమెకు పదహారు. అన్నం పెట్టింది, బడికి పంపింది, లైసెన్సు ఇప్పించింది, పెళ్ళి చేసింది అన్నీ ఆమే. అతను నోట్లో నాలుక లేని మనిషి, అక్క మాట వేదం. పొద్దున పది నలభైకి అతని బస్సు మా కిటికీ కింద నుంచి వెళ్ళేది. రెండుసార్లు పొట్టిగా హారన్ కొట్టేవాడు. ఆమె తల ఎత్తేది కాదు, కాగితం మీద కలం మాత్రం ఆగేది. ఆ హారన్‌తో మేం గడియారాలు సరిచేసుకునేవాళ్ళం.

నలభై ఒకటో ఏట అతనికి షుగరొచ్చింది. అక్క షుగరు పత్రికలో పని చేస్తుంటే తమ్ముడికి వేరే జబ్బు వస్తుందా అని నేను వేళాకోళం ఆడితే ఆమె కూడా నవ్వింది. రెండు మూడు మందులు మార్చాక డాక్టరు ఒక కొత్త మాత్ర రాశాడు. తెల్లది, గుండ్రంగా ఉంటుంది. రెండేళ్ళు దానితో షుగరు చెప్పినట్టు విన్నది. పాదాలు మాత్రం కొంచెం మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియడం లేదక్కా అన్నాడట ఒకరోజు. పెడలు తొక్కి బతికే మనిషికి పాదమే అన్నం. ఏటా పరీక్షలో పాదం పనికిరాదంటే ఉద్యోగం పోతుంది. ఆమె ఆదివారం ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి దూదితో అతని అరికాళ్ళు గీసి చూసి, వేళ్ళ సందులు తుడిచి వచ్చేది.

అలాంటి రోజుల్లో మా పత్రికలో వెయ్యమని కాలి వ్యాసం వచ్చింది. దాని అసలు పేరు మూడు వరుసలుంటుంది, ఆఫీసులో మేం కాలి వ్యాసం అన్నాం. ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు పదకొండు వందల మందిని చూసి రాశారు. ఆ తెల్ల మాత్ర వేసుకున్నవాళ్ళలో వేళ్ళూ, పాదాలూ తీసేయాల్సి వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకంటే రెండింతల పైగా ఉన్నారని దాని సారం. ఆమె చదివింది, మళ్ళీ చదివింది, ‘ఆగాలి’ ట్రేలో పెట్టింది. పది నలభైకి కింద హారన్ మోగింది. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. పందొమ్మిదేళ్ళలో ఆమె అలా లేవడం నేను చూడలేదు. మెడ పట్టేసిందేమో అనుకుని నా ప్రూఫుల్లో నేను పడ్డాను.

ఆ సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాకిట్లోనే నిలబడి చెప్పిందట.

“ఆ తెల్ల మాత్ర ఆపెయ్‌రా. ఎందుకని అడక్కు. డాక్టరుకి కూడా చెప్పకు. ఆరు వారాలు, అంతే.”

డాక్టరుకి ఎందుకు చెప్పొద్దందంటే, ఆయన కూడా మాకు వ్యాసాలు పరిశీలించి పెట్టేవాడే. అక్క మాన్పించిందంటే, మా దగ్గర ఏదో వ్యాసం నలుగుతోందని ఇట్టే పట్టేస్తాడు. గది దాటకూడని మాట తమ్ముడి ఇంటి దాకా దాటింది, అక్కడితో ఆగాలని ఆమె ఆశ. ఇక ఆరు వారాలంటారా, పరిశీలకులకి మేం ఉత్తరంలో రాసే గడువు అది. ఆ గడువులో ఎవరూ జవాబివ్వరని లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. అయినా ఆ మాటే నమ్మింది. ఒక్క వ్యాసాన్ని నమ్మొద్దని పాతికేళ్ళుగా అందరికీ చెప్పిన మనిషి ఆ ఒక్క వ్యాసాన్నీ నమ్మింది. తమ్ముడి కాలి దగ్గరికి వచ్చేసరికి ఆమె సంపాదకురాలు కాదు, అక్క. దానికి ఆమెను తప్పు పట్టేంత గట్టి గుండె నాకు లేదు.

వ్యాసం ముగ్గురికి వెళ్ళింది. ఇద్దరు రెండు నెలలకు జవాబిచ్చారు, ముఖ్యమైన విషయం, వెంటనే వెయ్యండి అన్నారు. మూడో ఆయన లెక్కలు చూసే మనిషి, మేం లెక్కలాయన అంటాం. ఏ వ్యాసమైనా ఆయన ఔనంటే తప్ప ఆగండమ్మ కదిలించదు. అప్పటికే ఆయన దగ్గర మావి పదకొండు ఉన్నాయి. నా దగ్గర ఫోన్లు చేయాల్సిన చిట్టా నూట నలభై పేర్లది, పైనుంచి కిందికి వరసగా చేసుకుంటూ వస్తున్నాను.

ఒకరోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. సంచిక ప్రెస్సుకి వెళ్ళాల్సిన రోజు, నా ఒళ్ళు మండిపోతోంది. కాలి వ్యాసం ఎంతవరకు వచ్చిందయ్యా అని అడిగింది. ఆమె ఎప్పుడూ ఏ వ్యాసం గురించీ అలా అడిగి ఎరగదు. నేను తలైనా ఎత్తలేదు.

“వరసలో ఉంది మేడమ్. రూలు మీదేగా.”

ఆమె అవునని వెళ్ళిపోయింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చి అడిగింది, మళ్ళీ అదే మాటన్నాను. ఈసారి కొంచెం విసుగు కూడా కలిపాను. ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే నేను లెక్కలాయన ఇంటి గుమ్మం ముందు కూర్చుని రాయించుకొచ్చేవాణ్ణి. ఆమె చెప్పలేదు, చెప్పకూడదు. నేనైనా ఆ ముఖం వంక ఒకసారి చూడాల్సింది. చూడలేదు.

ఈ లోపల తమ్ముడికి షుగరు ఎక్కుతోంది. మందులన్నీ వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగితే తల ఊపాడు. అయితే తీపి తింటున్నావని డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఆమె మరదలు, అంటే అతని భార్య, చక్కెర డబ్బా అలమరలో పెట్టి తాళం వేసింది. తినని తీపికి అతను నాలుగు నెలలు తిట్లు తిన్నాడు, నోరు మాత్రం విప్పలేదు. ఆరు వారాలైపోయాక, ఇంకా ఆపే ఉంచాలా అక్కా అని ఒకసారి అడిగాడట. ఇంకా తేలలేదు, ఆగు అందట.

డిపోలో యూనిఫారంతో పాటు కొత్త బూట్లు ఇచ్చారు. కుడి మడమ పక్కన ఒరుసుకుని బొబ్బ లేచింది. అతనికి తెలియలేదు. దాని మీదే వారం రోజులు బ్రేకు తొక్కాడు. సాక్సు మీద మరక చూసి మరదలు ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అప్పటికి పుండు లోపలికి దిగిపోయింది. షుగరు అంత ఉంటే ఏ పుండు మానుతుంది? ముందు పాదంలో సగం తీశారు. పదిహేను రోజులకు మోకాలి కింద దాకా తీశారు.

ఆగండమ్మ నాలుగు రోజులు సెలవు పెట్టింది. అయిదో రోజు వచ్చేసరికి బల్ల మీద లెక్కలాయన రాసిన రెండు పేజీలున్నాయి. ఎట్టకేలకు రాబట్టానని గొప్పగా, అన్నిటికంటే పైన నేనే పెట్టాను. అందులో ఏముందంటే, ఆ ఆసుపత్రిలో తెల్ల మాత్ర కొత్తలో ఎవరికి ఇచ్చారో చూడండి, మిగతా మందులకు లొంగనివాళ్ళకి, అప్పటికే కాలికి పుండు పడ్డవాళ్ళకి. పుండు ముందు, మాత్ర తర్వాత. మాత్ర మీద నింద వేయడానికి ఈ వ్యాసంలో ఆధారం లేదు, తేదీలన్నీ నాలుగో పట్టికలోనే ఉన్నాయి. ఆ పట్టిక ఆమె కూడా చూసింది. మిగతా రోజుల్లో అయితే పట్టుకునేది. ఆ రోజు ఆమె కళ్ళు తేదీలు చూడలేదు.

వ్యాసం వేసుకోవడం లేదని రాసే ఉత్తరం ఆమే టైపు చేసింది. ఎప్పుడూ ఒక్క తప్పు దొర్లని చెయ్యి, మూడు కాగితాలు చింపింది. తర్వాత తలుపు వేసి, కూర్చోవయ్యా అంది. ఆమె బల్ల దగ్గర కూర్చోవడానికి ఆ కాగితాల కుర్చీ తప్ప వేరేది లేదు. మూడో ట్రే కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి నుంచీ చివరి దాకా, ప్రూఫులో తప్పులు చదివి చెప్పే గొంతుతోనే చెప్పింది. ఎక్కడా ఏడవలేదు. నా సంగతి, నా ఫోన్ల సంగతి చెప్పబోయి నీళ్ళు నమిలాను. నీ తప్పేం లేదయ్యా, వరసలోనే ఉంది కదా అంది. ఆ మాట తిట్టయినా బాగుండేది.

జరిగినదంతా రాసి, రాజీనామాతో కలిపి పెద్దాయనకు ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, సొరుగులో పడేసి తాళం వేశారు. మీరు వెళ్ళిపోతే రోజుకి ఈ మూడొందలు ఎవరు చదువుతారమ్మా అన్నారు. శిక్ష కూడా దొరకలేదు ఆమెకు.

అసలు ఘోరం ఇది కాదు. మరుసటి ఆదివారం నన్ను తోడు రమ్మంది, తమ్ముడికి నిజం చెప్పాలి, ఒక్కదాన్నీ వెళ్ళలేను అంది. వాళ్ళది రెండు గదుల ఇల్లు. మంచం కిటికీ పక్కన వేశారు. గోడకి యూనిఫారం చొక్కా తగిలించి ఉంది, మంచం కింద కొత్త బూటు ఒక్కటే ఉంది. మమ్మల్ని చూసి అతను సంబరపడి, లేచి కూర్చోబోయాడు. నాతో అన్నాడు కదా:

“మా అక్క ముందే పసిగట్టిందండీ. ఎందుకో అప్పుడు చెప్పలేదు, కాలు పోయాక నాకే అర్థమైంది. రెండేళ్ళు మింగిన విషం ఊరికే పోతుందా? అక్క ఆపించబట్టి ఇంకో కాలైనా మిగిలింది.”

ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఆ తెల్ల మాత్రే రాశారని, తాను మాత్రం దిండు కింద దాచేస్తున్నానని గర్వంగా చూపించాడు కూడా. పన్నెండు మాత్రలు, కాగితంలో చుట్టి ఉన్నాయి. సూది మందు వేసుకుంటున్నాడు, అది ఒక్కటే చాలదని డాక్టరు అంటున్నాడట. ఉన్న ఒక్క కాలు ఆ కాగితం పొట్లంలో ఉంది.

ఆమె మంచం అంచున కూర్చుని అంతా చెప్పింది. ఏ వ్యాసం చూసి చెప్పిందో, అది ఎలా తప్పో, ఎన్నాళ్ళు ఆలస్యమైందో. మరదలు గ్లాసులతో గుమ్మంలో నిలబడి విన్నది. గ్లాసులు కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడ వదినా అని పిలిచింది లేదు.

అతను చాలాసేపు తన మోకాలి వంకే చూశాడు. తర్వాత తలెత్తి మామూలుగా, బస్సు ఎన్నింటికి అన్నట్టుగా అడిగాడు.

“అయితే ఆ మాత్ర వేసుకుంటే ఈ కాలికి ఏం కాదని తేలిందా అక్కా?”

తేలిందీ అంటే చాలు. నేనైతే అనేసేవాణ్ణి, తల మీద ఒట్టేసి మరీ అనేవాణ్ణి. అనమని ఆమె భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆమె అనలేకపోయింది.

“తేలలేదురా. ప్రమాదమని రాసింది తప్పని మాత్రమే తేలింది. ప్రమాదం లేదని ఇంకా ఎవరూ తేల్చలేదు.”

“అప్పుడు కూడా తేలలేదు కదక్కా.”

కోపం లేదు ఆ మాటలో, అందుకే అక్కడ కూర్చోవడం నాకు కష్టమైంది. డాక్టరు చెబుతున్నాడు కదరా, ఆయన మాట విను అని ఆమె బతిమాలింది. డాక్టరు మీ పుస్తకం చూసే కదా చెప్పేది అన్నాడతను. పోనీ నా మాట విని వేసుకో అంది. నీ మాట వినే, అని మొదలుపెట్టి సగంలో మింగేశాడు. ఆమె చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు.

“తేలాక చెప్పక్కా. ఆగుతాను.”

తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపులో ఆమె, వాడికి ఆగడం నేర్పింది నేనే అంది.

ఆ ఏటి చిన్న పుస్తకంలో ఆమె ఒక వాక్యం కొత్తగా రాసింది. షుగరు కారణం లేకుండా ఎక్కితే, రోగిని తిట్టే ముందు, ఏ మందైనా మానేశాడేమో అడగండి, మానమన్నది ఎవరో కూడా అడగండి అని. చోటు చాలక నేను రెండో సగం కొట్టేశాను. ఆమె ఆకుపచ్చ సిరాతో మళ్ళీ రాసింది. అలాగే అచ్చయింది. దానివల్ల ఎవరి కాలైనా మిగిలిందో లేదో మాకు తెలిసే దారి లేదు. ఇదంతా రాస్తానని అడిగినప్పుడు కూడా ఆమె, ఆగండి అంటుందనుకున్నాను. రాసుకో అంది.

ఇది జరిగి ఏడాదిన్నర. పోయిన నెల ఆ తెల్ల మాత్ర మీదే ఇంకో వ్యాసం వచ్చింది. తొమ్మిది వేల మంది, నాలుగేళ్ళు, ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో చీటీలు తీసి మరీ ఇచ్చి చూశారు. మాత్రకీ కాళ్ళకీ ఏ సంబంధమూ లేదని, షుగరు అదుపులో ఉండటం వల్ల పుండ్లు తొందరగా మానాయని రాశారు. ఆమె మూడుసార్లు చదివింది. ఈసారి తేదీల పట్టికలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. చూసి, మూడో ట్రేలో పెట్టింది.

అంతకు పది రోజుల ముందే తమ్ముడి ఎడమ కాలి బొటనవేలి కింద పుండు కనిపించింది. ఇప్పటికీ డాక్టరు ఆ మాత్ర రాస్తూనే ఉన్నాడు, అతను దాస్తూనే ఉన్నాడు. ఇవాళ పొద్దున ఉండబట్టలేక అడిగాను, తమ్ముడికి ఈ వ్యాసం సంగతి వెళ్ళి చెప్పరా మేడమ్ అని. కావాలంటే నేను చెబుతానన్నాను, గది దాటిన పాపం నాకే రానివ్వండన్నాను.

“కాలి వ్యాసం కూడా నాకు ఇంత నిజంలాగే కనిపించిందయ్యా,” అంది. “ఒకసారి చెప్పి ఒక కాలు తీశాను. ఇప్పుడు చెప్పకుండా రెండోది తీస్తున్నానేమో. నాకు తెలియడం లేదు,” అంది.

నేను నా బల్ల దగ్గరికి వచ్చి చిట్టా పక్కకి నెట్టేశాను. పైనున్న వంద పేర్లూ వదిలేసి లెక్కలాయనకు ఫోన్ చేశాను. పుట్టి బుద్ధెరిగాక వరస తప్పడం అదే మొదలు. ఈ వ్యాసం ఒక్కటీ ఈ వారంలో చూసి పెట్టండి, మీ కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఆయన చాలా మర్యాదస్తుడు, పాపం ఆయన తప్పూ లేదు. తన దగ్గర పదిహేడు ఉన్నాయని, ఎవరిది ముందు చూసినా మిగతావాళ్ళకి అన్యాయమవుతుందని, ఆ పద్ధతి తాను మా పత్రిక దగ్గరే నేర్చుకున్నానని చెప్పి, చివరికి ఒక మాటన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

పది నలభైకి కింద నుంచి బస్సు వెళ్ళింది. కొత్త డ్రైవరు హారన్ కొట్టడు. ఆమె ఇవాళ్టి మూడొందల్లో ఎనభయ్యో తొంభయ్యో చదువుతోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“వరసలో ఉందన్నాడా?” అని అడిగింది, తలెత్తకుండానే.

అవునన్నాను.